ఫోన్లో గాలి బాగుందంటోంది, మరి పాపకి పిల్లికూతలెందుకు?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. నెల్లూరు అయ్యప్పగుడి దగ్గర, హైవే సర్వీసు రోడ్డుకి ఆనుకుని మూడో అంతస్తులో అద్దెకుంటున్నారు. ఐదేళ్ల పాపకి చలికాలం వస్తే చాలు దగ్గు, రాత్రిళ్లు పిల్లికూతలు. పొద్దున తుడిచిన బాల్కనీ గట్టు సాయంత్రానికి నల్లబడుతోంది. ఫోన్లో చూస్తే మాత్రం ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) 70, ‘సంతృప్తికరం’ అని ఆకుపచ్చ రంగు. కాలుష్యం ఢిల్లీ వాళ్ల గొడవ, మనకి పక్కనే సముద్రం ఉంది కదా అని మీ నాన్నగారు అంటున్నారు. ప్యూరిఫయర్ కొనాలా, ఇల్లే మారాలా అని మీ ప్రశ్న.

నేను 26 ఏళ్లు గాలి శాంపిల్స్ తీసి తూకం వేసే ఉద్యోగం చేశాను. మొదట ఒంగోల్లో, తర్వాత ఎక్కువకాలం నెల్లూరులో. డాక్టర్ని కాదు కాబట్టి మందుల జోలికి పోను, ఒక్క ముక్క తప్ప.

ముందు ఆ 70 సంగతి తేలుద్దాం. మీ ఇంట్లో వాదనంతా దాని చుట్టూనే తిరుగుతోంది.

ఏక్యూఐ అంటే నేరుగా కొలత కాదు, మార్కుల లాంటిది. ఎనిమిది రకాల కాలుష్యాలకి విడివిడిగా లెక్క కట్టి, వాటిలో ఏది మరీ అధ్వానంగా ఉంటే దాని అంకెనే ఆ రోజు ఏక్యూఐ అంటారు. మన దేశపు లెక్కలో 70 అన్నది సన్న ధూళి వల్ల వచ్చిందనుకుంటే, ఘనపు మీటరు గాలిలో ఆ ధూళి, అంటే పీఎం 2.5, సుమారు 42 మైక్రోగ్రాములు ఉన్నట్టు. మన రోజువారీ ప్రమాణం 60. అంటే పాసయ్యాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన రోజువారీ పరిమితి 15. మనది దానికి మూడు రెట్లకు కాస్త తక్కువ, కాబట్టి ఆ పరీక్షలో తప్పాం. ఇదే 42ని అమెరికా పద్ధతిలో లెక్కేస్తే ఏక్యూఐ వంద దాటి, ఉబ్బసం ఉన్నవాళ్లు జాగ్రత్త అని చెప్పే నారింజ రంగులో పడుతుంది. ఒకే పూట మీ ఫోన్లో పచ్చగా, మీ ఆవిడ ఫోన్లో నారింజగా కనబడితే రెండూ అబద్ధం కాకపోవచ్చు. గాలి ఒకటే, దిద్దే మాస్టార్లు వేరు.

పైగా ధూళి లెక్క 24 గంటల సగటు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా గొంతు పట్టేసినట్టున్నా, మధ్యాహ్నం సముద్రపు గాలి వచ్చి ఊడ్చేస్తే ఆ రోజు సగటు మంచిగానే కనిపిస్తుంది. పాప స్కూలు ఆటో ఎక్కేది మధ్యాహ్నం కాదు కదా.

ఇంకో సంగతి, ఆ అంకె ఏ మిషను ఇచ్చిందో చూడండి. చాలా యాప్‌లు దగ్గర్లో మిషను లేకపోతే ఉపగ్రహ చిత్రాలనీ వాతావరణ లెక్కల్నీ కలిపి అంచనా వేసి చూపిస్తాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల ‘సమీర్’ యాప్‌లో కనిపించేవి మిషన్లు కొలిచినవి. ఆ మిషనైనా ఏదో ఆఫీసు డాబా మీద ఉంటుంది. మీ బాల్కనీలో ఉండదు.

మేం చేతితో చేసే పద్ధతి చెబితే మీకు నవ్వొస్తుంది. తెల్లటి ఫిల్టరు కాగితాన్ని ముందే తూకం వేసి మిషన్లో బిగిస్తాం. అది నిమిషానికి వెయ్యి లీటర్లకు పైగా గాలి లాగుతుంది. ఎనిమిది గంటలకో కాగితం, రోజుకి మూడు. తీసుకొచ్చి, తేమ పోగొట్టి, మళ్లీ తూకం. పెరిగిన బరువే ధూళి. వారానికి రెండు రోజుల చొప్పున ఏడాదికి 104 రోజులు ఇదే పని. కొన్నేళ్లకి తూకం వెయ్యకముందే కాగితం రంగు చూసి అది ఎక్కడిదో చెప్పేసేవాణ్ణి. బస్టాండు, హైవే పక్కవి నల్లటి మసి రంగు. ఒంగోల్లో చీమకుర్తి వైపు నుంచి టిప్పర్లు వచ్చే రోడ్డువి తెల్లటి బూడిద రంగు. ఊరి బయటవి మట్టి రంగు. ఒకే ఊళ్లో, ఒకే రోజున మూడు రంగులు. ఊరికంతటికీ ఒకటే అంకె చెప్పడం ఎంత కష్టమో నాకు ఆ కాగితాల వల్లే అర్థమైంది.

వాహనాల పొగ రోడ్డు అంచున దట్టంగా ఉండి, నూట యాభై, రెండొందల మీటర్లు లోపలికి పోయేసరికి బాగా పలచబడుతుంది. మీరున్నది ఆ మొదటి యాభై మీటర్లలో. ఊరి సగటు 42 అయితే మీ గుమ్మం ముందు అంతకన్నా ఎక్కువే ఉంటుందని అనుకోవడం న్యాయం.

మీ నాన్నగారి మాటలో కొంత నిజం ఉంది, అది ఒప్పుకోవాలి. గంగా మైదానంలో గాలి కదలక గిన్నెలో నీళ్లలా నిలబడిపోతుంది. మనకి మైపాడు పాతిక కిలోమీటర్ల లోపే. ఎండెక్కాక సముద్రం మీంచి గాలి వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు గాలిని కడిగి పెడతాయి. ఆ వానలే మనకి పెద్ద దిక్కు. కానీ వానలు ఆగి చలి పట్టిన జనవరి, ఫిబ్రవరిల్లో తెల్లవారుజామున చూడండి. నేల చల్లబడి, దాన్ని అంటుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. రాత్రంతా లారీలు వదిలిన పొగ ఆ మూత కిందే ఉండిపోతుంది. దీనికి తోడు భోగి. పిడకలు, పాత చెక్కలు వేస్తే సరే, ఇప్పుడు పిల్లలు పాత టైర్లు కూడా పడేస్తున్నారు. ఆ తెల్లవారి కాగితం నేను ఇంటికి తెచ్చి మా వీధి కుర్రాళ్లకి చూపించేవాణ్ణి. వాళ్లు నవ్వి, మరుసటి ఏడు మళ్లీ టైరే వేశారు.

నెల్లూరు, ఒంగోలు రెండూ గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో ఉన్నాయని మీ నాన్నగారికి చెప్పండి. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద దేశంలో 131 నగరాలుంటే, మన రాష్ట్రం నుంచి 13. వాటిలో ఈ రెండూ ఉన్నాయి. ఢిల్లీతో పోలిక లేదు, అది వేరే లోకం. కానీ ఢిల్లీ కన్నా మేలు అనడం, నూట నాలుగు జ్వరమున్నవాడి పక్కన నిలబడి నాకు నూట ఒకటే కదా అనడం లాంటిది.

మీ బాల్కనీ నలుపు సంగతి. ఎక్కువగా అది డీజిల్ మసి, టైర్లూ బ్రేకులూ అరిగిన పొడి, రోడ్డు మట్టి కలిసిన ముద్ద. కృష్ణపట్నం వైపు బొగ్గు లారీలు తిరిగే దారుల్లో బొగ్గుపొడి కూడా కలుస్తుంది. తేల్చుకోవాలంటే తెల్ల పింగాణీ ప్లేటుకి వేజలైన్ పల్చగా రాసి బాల్కనీలో ఒక రోజు, వెనకవైపు కిటికీలో ఇంకో ప్లేటు అదే రోజు పెట్టండి. వేళ్ల మధ్య నలిపితే మసి జిడ్డుగా అంటుకుని చేతికి మరకవుతుంది. బొగ్గు గరుకుగా, వెలుగులో తళుక్కుమంటుంది. బూడిదైతే పౌడరులా జారుతుంది. లాబు పరీక్ష కాదు గానీ, రెండు ప్లేట్లకి ఎంత తేడా ఉందో కంటికి తెలుస్తుంది.

అయితే ఆ కనిపించే నలుపుకి భయపడకండి. కంటికి ఆనే దుమ్ము చాలావరకు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది, చీదితే పోతుంది. మనల్ని దెబ్బతీసేది కనిపించనిది. పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నని రేణువులు. తల వెంట్రుక మందంలో పాతిక, ముప్ఫై వంతులు చేస్తే ఒక వంతు. ఇవి ఊపిరితిత్తుల చివరి గాలి బుడగల దాకా పోతాయి. అందులోనూ మరీ సన్ననివి రక్తంలోకి దిగుతాయి. మన గాలి గొట్టాలు వాపెక్కి, రక్తం గడ్డకట్టే గుణం పెరిగి, రక్తనాళాల గోడలు పాడవుతాయి. అందుకే కాలుష్యమంటే ఊపిరితిత్తుల జబ్బనుకుంటాం గానీ, బయటి గాలి వల్ల జరిగే అకాల మరణాల్లో మూడింట రెండొంతులు గుండెపోటు, పక్షవాతం దారినే పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మీ నాన్నగారికి బీపీ, షుగరు ఉన్నాయో లేదో మీరు రాయలేదు. ఉంటే ఈ ఉత్తరం పాపకన్నా ఆయనకే ఎక్కువ పనికొస్తుంది. చలికాలం ఐదింటికే హైవే పక్క వాకింగుకి పోతుంటే మాన్పించండి. ఎండ వచ్చాక, లోపలి వీధుల్లో నడవమనండి.

పిల్లల విషయం వేరు. వాళ్లు బరువుకి తగ్గ లెక్కలో మనకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు, ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతూ ఉంటాయి, ముక్కు సరిగ్గా సైలెన్సర్ల ఎత్తులో ఉంటుంది. అమెరికాలోని యూటా లోయలో 1986-87లో ఒక ఉక్కు మిల్లు సుమారు 13 నెలలు మూతపడింది. మిల్లు నడిచిన చలికాలాల్లో ఉబ్బసం, శ్వాసనాళాల వాపుతో ఆసుపత్రిలో చేరిన పిల్లల సంఖ్య, మూతపడిన చలికాలంతో పోలిస్తే రెండు మూడు రెట్లు ఉంది. కావాలని ఎవరూ చెయ్యలేని ప్రయోగం అలా దానంతటదే జరిగింది. లండన్‌లో 1952 డిసెంబరు పొగమంచు మరీ ఘోరం. మొదటి లెక్కలోనే నాలుగు వేల మంది చావులు, తర్వాతి అంచనాల్లో పన్నెండు వేల దాకా. ఆ తర్వాతి నెలల చావుల్ని అప్పట్లో అధికారులు ఫ్లూ జ్వరం ఖాతాలో రాసేశారు. మన దగ్గర ‘సీజన్ దగ్గులే’ అంటాం చూశారూ, అలాగన్నమాట.

ఇక ఇంటి లోపలికి రండి. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

నెల్లూరు దోమల గురించి నెల్లూరు వాళ్లకి చెప్పేదేముంది. మా ఇంట్లో పాతికేళ్లు ప్రతి సాయంత్రం ఆరు గంటలకి తలుపులు మూసి కాయిల్ వెలిగించడం ఆచారం. ఒకసారి ఆఫీసుకి చేతిలో పట్టుకునే కొత్త మీటరు వస్తే, పరీక్షకని రాత్రి ఇంటికి తెచ్చాను. పడకగదిలో కాయిల్ వెలిగించి ఉంది. మీటరు అంకె, ఆ పగలు హైవే కూడలిలో నేను చూసిన అంకెని దాటిపోయింది. పాడైందేమోనని హాల్లోకి తెస్తే తగ్గింది, గదిలోకి తీసుకుపోతే మళ్లీ పెరిగింది. ఊరి గాలి కొలిచే పెద్దమనిషి పడకగది ఊరికన్నా కనాకష్టం! ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్న ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని 2003లోనే ఒక పరిశోధన తేల్చింది. మర్నాడే దోమతెరలు కొన్నాను. కిటికీలకి మెష్ కొట్టించాను.

మీరు ప్యూరిఫయర్ గురించి అడిగారు, కాయిల్ గురించి ఒక్క మాట రాయలేదు. మీ ఇంట్లో వెలుగుతోందని నా అనుమానం. వెలుగుతుంటే ముందు అది ఆపండి. సాంబ్రాణి, అగరొత్తులు పూజకి ఒక్కటి చాలు, పాప పడుకునే గదిలో వద్దు. పోపు పెట్టేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యాలి. పొడి చీపురుతో ఊడిస్తే నేల మీది దుమ్ము గాల్లోకి లేచి మళ్లీ మన ముక్కులోకే వస్తుంది, తడిగుడ్డ పెట్టండి. కిటికీలు మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం దాకా తెరవండి, పొద్దునా రాత్రీ రోడ్డువైపువి మూసెయ్యండి. ఈ ఐదింటికీ కలిపి అయ్యే ఖర్చు దోమతెర, మెష్ డబ్బులే.

ఇవి చేశాక ప్యూరిఫయర్. ఇల్లంతటికీ కాదు, పాప పడుకునే గది ఒక్కదానికి. పది అడుగుల ఎత్తున్న పది బై పన్నెండు గది అంటే దాదాపు 34 ఘనపు మీటర్లు. గంటకి ఐదుసార్లు ఆ గాలి శుభ్రపడాలంటే మిషను మీద ‘సీఏడీఆర్’ (అది ఎంత గాలిని శుభ్రం చేస్తుందో చెప్పే లెక్క) అని రాసి ఉండే అంకె గంటకి 170 ఘనపు మీటర్లకు తగ్గకూడదు. సన్న ధూళిని పట్టే హెపా ఫిల్టరు ఉండాలి. అయనైజర్లూ ఊదారంగు లైట్లూ అని అమ్మేవాడు చెప్పే కబుర్లకి డబ్బు పెట్టొద్దు. ఫిల్టరు మార్చే ఖర్చు ముందే అడగండి, అసలు బాధ అక్కడే ఉంటుంది. తలుపు తెరిచి నడిపితే దండగ. ఏసీ ఉంది కదా అంటారేమో, మామూలు స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పుతుంది, అందులో ఉన్న జాలీ ఈ సన్న ధూళిని పెద్దగా పట్టదు. కూలరైతే బయటి గాలిని నేరుగా లోపలికి తోస్తుంది. హైవేవైపు పెట్టకండి.

ముఖానికి చేతిరుమాలు కట్టుకోవడం మన బండివాళ్ల అలవాటు. ఎర్రమట్టి ఆగుతుంది, పొగ ఆగదు. ఎన్95 అయితే ఆగుతుంది, కానీ బుగ్గలకి అతుక్కుని ఉండాలి. ఐదేళ్ల పిల్లకి సరిగ్గా అమరేవి దొరకడం కష్టం. దాని బదులు ఆటోలో చివర కాకుండా లోపలి సీటులో కూర్చోబెట్టమనండి, ఆటో ఎక్కే చోటు హైవే మీంచి లోపలి సందులోకి మార్చండి.

మందుల గురించి చెబుతానన్న ఒక్క ముక్క: ‘పంపు వాడితే అలవాటైపోతుంది’ అన్న మాట నమ్మి డాక్టరు రాసిన ఇన్‌హేలర్ మధ్యలో ఆపకండి. మా పక్కింట్లో అలా ఆపి, ఒక అర్ధరాత్రి పిల్లాణ్ణి చంకన వేసుకుని పొగతోట ఆసుపత్రులకి పరుగెత్తాల్సి వచ్చింది. దగ్గు తగ్గినట్టనిపించినా డాక్టరే ఆపమనాలి.

ఊరి సంగతి. కార్పొరేషన్ వాళ్లు ఏం చెయ్యొచ్చో, ఏం చేస్తున్నట్టు కనబడతారో రెండూ వేరు. స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదట 2024కల్లా ధూళి 20 నుంచి 30 శాతం తగ్గాలంది. తర్వాత 2025-26కల్లా 40 శాతం అని మార్చారు. కొలబద్ద మాత్రం పీఎం 10, అంటే కాస్త లావు ధూళి. దాంతో దేశమంతా డబ్బులో పెద్ద వాటా రోడ్లు ఊడ్చే మిషన్లకీ నీళ్లు చల్లే బండ్లకీ పోయింది. రోడ్డు ఊడిస్తే పీఎం 10 తగ్గుతుంది, మార్కులొస్తాయి. కాలే పొగ నుంచి వచ్చే సన్న ధూళి ఎక్కడిదక్కడే ఉంటుంది. మే నెలలో మిట్టమధ్యాహ్నం ట్యాంకరుతో నీళ్లు చల్లడం చూశాను. బండి సెంటరు దాటేలోపు వెనక రోడ్డు ఆరిపోయేది.

రోడ్డు దుమ్ముని తీసిపారెయ్యడం కాదు నా ఉద్దేశం. మన ఊళ్లకి అది నిజమైన సమస్యే. కానీ దుమ్ము పుట్టే చోటు వేరు. తారు అంచుకీ కాలవకీ మధ్య వదిలేసిన మట్టి పట్టీ చూశారా? బస్సు పక్కకి దిగిన ప్రతిసారీ ఆ మట్టి రోడ్డెక్కుతుంది. చక్రాలు దాన్ని నలిపి సన్నగా చేసి లేపుతాయి. ఆ పట్టీని గోడ నుంచి గోడ దాకా రాళ్లో సిమెంటో పరిస్తే రోజూ ఊడ్చే పని సగం తప్పుతుంది. పెన్న ఇసుక టిప్పర్లు పట్టా కట్టకుండా, నీళ్లు కార్చుకుంటూ పోతాయి. ఆ తడి ఇసుకే ఆరి మర్నాటి దుమ్ము. ప్రకాశంలో గ్రానైట్ పనివాళ్లది ఇంకో కథ. రాయి తడిపి కోసినంతసేపు ఫరవాలేదు, ఆ బురదని రోడ్డు పక్కన పోస్తే ఎండి పౌడరై లేస్తుంది. మార్కాపురం పలకల పనిలో రాతిపొడి పీల్చినవాళ్ల గురించి రాయాలంటే వేరే ఉత్తరమే రాయాలి. ఆ పొడి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌ని క్షయ అనుకుని ఏళ్ల తరబడి ఆ మందులే మింగేవాళ్లు ఉంటారు.

చెత్త తగలబెట్టడం మీద మాత్రం మీరు గట్టిగా అడగొచ్చు. 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000 జరిమానా అంది. తెల్లవారుజామున ఆకుల కుప్పకి నిప్పు పెట్టేది ఒక్కోసారి ఊడ్చేవాళ్లే. వాళ్లని తిట్టి లాభం లేదు. ఆ కుప్ప ఎత్తుకెళ్లే బండి వేళకి రాదు, వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

వాహనాల వైపు నిజంగా పనిచేసిన మార్పు ఒకటుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (వాహనాల పొగకి పెట్టిన కొత్త ప్రమాణం) ఇంధనంలో గంధకం 50 పాళ్ల నుంచి పదికి తగ్గింది, అదీ పది లక్షల పాళ్లకి. కొత్త లారీలకి మసి పట్టే ఫిల్టర్లు వచ్చాయి. పాత లారీ మాత్రం రోడ్డు మీద ఇంకా పదేళ్లు తిరుగుతుంది. కృష్ణపట్నం, నేలటూరు థర్మల్ ప్లాంట్ల పొగగొట్టాలు రెండొందల మీటర్లకు పైనే ఉంటాయి కాబట్టి ఆ పొగ నేరుగా మీ బాల్కనీలో వాలదు. కానీ అందులోని గంధకపు వాయువు గాల్లో ప్రయాణిస్తూనే సన్న ధూళిగా మారుతుంది, ఎక్కడో దిగుతుంది. దాన్ని కడిగే యంత్రాలు పెట్టాలని 2015లో నిబంధన తెచ్చి, గడువులు పొడిగించి పొడిగించి, 2025 జూలైలో దేశంలో ఎక్కువ ప్లాంట్లకి మినహాయింపే ఇచ్చేశారు. నాకది నచ్చలేదు. సూరత్‌లో 2019 నుంచి ఫ్యాక్టరీల ధూళికి మొత్తంగా ఒక హద్దు పెట్టి, తక్కువ వదిలినవాడు మిగిలిన వాటాని ఎక్కువ వదిలేవాడికి అమ్ముకునే పద్ధతి పెడితే ధూళి 20 నుంచి 30 శాతం తగ్గింది. గొట్టంలో మిషను పెట్టి రోజూ కొలిచారు కాబట్టే అది కుదిరింది.

మీరొక్కరూ ఏం చేస్తారంటే, పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు. మూడు విషయాలడగండి: గత మూడేళ్లలో మీ ఊరి ప్రతి స్టేషన్ నెలవారీ పీఎం 10, పీఎం 2.5 అంకెలు, స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద వచ్చిన డబ్బూ దాని ఖర్చు వివరాలూ, మీ సర్వీసు రోడ్డు అంచు పట్టీ పని ఆ ప్రణాళికలో ఉందా లేదా. జవాబు కాగితం చేతిలో పెట్టుకుని సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇస్తే, ఉత్త ‘దుమ్ము ఎక్కువగా ఉంది సార్’ అన్న అర్జీకన్నా బరువుంటుంది. అపార్టుమెంటు వాళ్లంతా కలిసి సంతకాలు పెడితే మరీ మంచిది.

ఇల్లు మారడం. అద్దిల్లే కాబట్టి చెబుతున్నా, వేరే ఊరు పోనక్కర్లేదు, మాగుంట లేఅవుటే కావాలనీ లేదు. హైవే నుంచి రెండు వీధులు లోపలికి, మధ్యలో ఒక వరస ఇళ్లు అడ్డం ఉండేలా చూసుకోండి. జనరేటరు, హోటలు పొయ్యి, టిఫిన్ బండ్ల పొగ కిటికీ కింద లేకుండా చూడండి. ఇల్లు చూడ్డానికి ఆదివారం మధ్యాహ్నం కాదు, పనిరోజు పొద్దున ఏడింటికి వెళ్లండి. అది కుదిరే దాకా పాప మంచాన్ని ఈ రాత్రే వెనకవైపు గదిలోకి మార్చండి. ప్లేట్లు రెండూ పెట్టి చూశాక ఏది ఎంత నల్లబడిందో రాయండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.